వాటర్ డిస్టిల్లర్‌లో గార పట్టిందా? శుభ్రం చేయడం, రిపేరుకి ముందు చూసుకోవాల్సినవి

వాటర్ డిస్టిల్లర్ అంటే నీళ్లు మరిగించి, ఆ ఆవిరిని చల్లార్చి శుద్ధమైన నీళ్లు ఇచ్చే మెషీన్. వైజాగ్‌లో చాలా అపార్ట్‌మెంట్లలో జీవీఎంసీ (నగర పాలక సంస్థ) కుళాయి నీళ్లతో పాటు బోరు నీళ్లూ సంపులో కలుస్తాయి. అలాంటి నీళ్లు పోసే డిస్టిల్లర్ అడుగున కొన్ని వాడకాలకే తెల్లటి గార కడుతుంది. నీరు ఆవిరైపోయినా అందులోని కాల్షియం, మెగ్నీషియం గిన్నెలోనే ఉండిపోతాయి మరి. గార మందమయ్యే కొద్దీ నీళ్లకు వేడి సరిగా అందదు, హీటర్ మాత్రం కాగిపోతుంది. మెషీన్ పాడైందనుకుని మెకానిక్‌కి ఫోన్ చేసే ముందు దాన్ని ఒకసారి శుభ్రం చేసి చూడండి.

ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక అడుగున మిగిలిన నీళ్లు పారబోయండి. గార మునిగేదాకా గోరువెచ్చని నీళ్లు పోసి, లీటరుకు రెండు టేబుల్ స్పూన్ల చొప్పున నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేయండి. దీనికోసం పూర్ణా మార్కెట్ దాకా వెళ్లక్కర్లేదు, వీధి చివరి కిరాణా కొట్లోనూ దొరుకుతుంది. వేయగానే సన్నగా బుడగలు లేస్తాయి. సున్నం కరిగి కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తోందన్నమాట. అరగంట వదిలేయండి. బుడగలు ఆగినా పెచ్చులు మిగిలి ఉంటే ఆ నీళ్లు పారబోసి మళ్లీ కొత్తగా కలపండి. తొందరగా అవుతుందని మరిగించొద్దు. బాగా వేడెక్కితే కాల్షియం సిట్రేట్ అనే ఇంకో తెల్ల పొర పేరుకుంటుంది.

వెనిగర్‌తోనూ గార పోతుంది కానీ అది ఆవిరితో పాటు లేచి తర్వాతి నీళ్లకు వాసన అంటిస్తుంది. నా ఓటు నిమ్మ ఉప్పుకే. బాత్రూం యాసిడ్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు, స్టీలు తినేస్తుంది. నిమ్మ ఉప్పులో బ్లీచింగ్ పౌడర్ కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, అదింకా ప్రమాదం. స్టీల్ పీచు బదులు మెత్తటి స్పాంజి వాడండి. మెషీన్ అడుగు భాగాన్ని కుళాయి కింద పెట్టొద్దు.

రెండు మూడుసార్లు కడిగాక సగం నీళ్లతో ఒకసారి నడిపి, వచ్చిన నీళ్లు పారబోయండి. బొగ్గు ఫిల్టర్ పాతదైతే ఇప్పుడే మార్చేయండి. నీళ్లకు ప్లాస్టిక్ వాసనో, మురుగు వాసనో వస్తుంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఇంత చేసినా నీళ్లు ఆలస్యంగా వస్తున్నాయా? లెక్క చూడండి. 4 లీటర్లు ఆవిరి కావాలంటే దాదాపు 2.8 యూనిట్ల కరెంటు కావాలి. అంటే 750 వాట్ల మెషీన్‌కి నాలుగు గంటలు, వృథా కలిపితే ఐదు దాకా పడుతుంది. వోల్టేజీ 230 నుంచి 200కి పడిపోతే హీటర్ వేడి దాదాపు పావు వంతు తగ్గుతుంది. కాబట్టి ఎండాకాలం రాత్రుళ్లు ఆలస్యమైతే మెషీన్‌ని తిట్టుకోకుండా వోల్టేజీ చూడండి.

మూత అంచు నుంచి ఆవిరి కారుతుంటే రబ్బరు రింగు తీసి తుడవండి, గట్టిపడితే మార్చండి. ముక్కు నుంచి నీటికి బదులు ఆవిరి వస్తుంటే ఫ్యాన్ తిరగడం లేదని అర్థం. బీచ్ వైపు కిటికీ దగ్గర పెట్టిన మెషీన్లకు ఈ బెడద ఎక్కువ. ఉప్పుగాలికి ఫ్యాన్ తుప్పు పడుతుంది, రెక్కలకు, గొట్టానికి దుమ్ము అంటుకుంటుంది. పొడి బ్రష్‌తో దులపండి.

వచ్చిన నీళ్లను టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలను కొలిచేది) చూస్తే 10 దాటిందంటే చాలా సార్లు తప్పు మనదే. గీత దాటి నింపితే మరిగేటప్పుడు నురుగు పొంగి ఆవిరితో పాటు పైకి పోతుంది.

అసలు స్విచ్చే పనిచేయకపోతే వేరే ప్లగ్‌లో పెట్టి చూడండి. కొన్ని మోడళ్లలో అడుగున రీసెట్ బటన్ ఉంటుంది. నీళ్లు అయిపోయాక కూడా నడిస్తే వేడి ఎక్కువై మెషీన్ దానంతటదే ఆగిపోతుంది. చల్లారాక ఆ బటన్ ఒకసారి నొక్కండి. ఆన్ చేయగానే ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంటే మాత్రం హీటర్‌లోనో, మెషీన్‌లో ఇంకెక్కడో కరెంటు లీకవుతున్నట్టే. ప్లగ్ తీసి మెకానిక్‌కి ఇచ్చేయండి.