డ్రాఫ్టులోనే ఆగిపోతున్న పోస్టుకు ఒక చిట్కా

వ్యాపారం ఒక్కరే నడుపుకునేవాళ్లు పబ్లిష్ నొక్కే ముందు ఒకటే చూసుకోవాలి: తర్వాత దిద్దుకోగలిగినవేవి, దిద్దలేనివేవి?

వెబ్‌సైట్ వ్యాసాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దాని చిరునామా మాత్రం మార్చకండి. తప్పదంటే 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టండి, లేకపోతే పాత లింకులు పనిచేయవు. యూట్యూబ్‌లో శీర్షిక, వివరణ, థంబ్‌నెయిల్ మారతాయి, అనవసరమైన ముక్క కత్తిరించవచ్చు. అదే లింకు మీద కొత్త వీడియో ఫైలు పెట్టడం మాత్రం కుదరదు. ఈమెయిల్ సంగతి సరేసరి, వెళ్లిందంటే వెళ్లినట్టే. అందుకే ముందు మీకే ఒక టెస్ట్ పంపుకుని, ఫోన్లో తెరిచి ప్రతి లింకూ నొక్కి చూడండి. వీడియోకైతే 20 సెకన్లు రికార్డు చేసి ఇయర్‌ఫోన్లతో వినండి. వెలుతురు కాస్త తగ్గినా జనం చూస్తారు, మాట వినపడకపోతే ఆగరు.

ధర, తేదీ, ఫోన్ నంబరు, కస్టమర్ పేరు రెండుసార్లు సరిచూడండి. చిన్న తడబాటు, ఫాంటు, వెనకాల గోడ... వదిలేయండి. దిద్దుబాటుకు 30 నిమిషాల టైమర్ చాలు. ఆపైన మాటలు మారతాయే గానీ మెరుగుపడవు.

తర్వాత తప్పు కనబడిందా? పోస్టు తీసేయకండి, కామెంట్లూ దానితోపాటే పోతాయి. అక్షరదోషమైతే చడీచప్పుడు లేకుండా దిద్దేయండి. ధరో తేదీయో అయితే పైనే 'సవరణ' అని రాయండి.