వెంకటగిరి నూలు చీర: చేనేతను పోల్చుకోవడం ఎలా?

తిరుపతి దుకాణాల్లో వెంకటగిరి పేరుతో అమ్మే చీరల్లో మరమగ్గం (యంత్రంతో నడిచే మగ్గం) మీద నేసినవి కూడా ఉంటాయి కాబట్టి, ధర మాట్లాడకముందే చీరను పూర్తిగా విప్పించి చూసుకోవాలి. అమ్మేవారు సాధారణంగా కొంగు పరచి చూపిస్తారు. మీరు మాత్రం చీరను తిరగవేసి చూపించమని అడగండి, ఎందుకంటే నేత రహస్యమంతా వెనకవైపే ఉంటుంది.

వెంకటగిరి చీరల్లో బుటాలను (చిన్న పువ్వుల నమూనాలను) చేత్తో వేసే జాందానీ నేతలో, బుటా దారం పేకతో (అడ్డపోగుతో) పాటు చీర వెడల్పంతా పోదు. నేతగాడు ఒక్కొక్క బుటాకు విడిగా చిన్న కండె (దారం చుట్టిన పుల్ల) పెట్టుకొని, పడుగు (నిలువు) పోగులను వేలితో ఎత్తి, ఆ దారాన్ని బుటా ఉన్నంత మేరకే నడిపి వెనక్కు తిప్పుతాడు. అందువల్ల చీరను తిరగవేసినా బుటా దాదాపు ముందువైపు లాగానే నిండుగా కనిపిస్తుంది. జకార్డుతో (నమూనాను బట్టి పడుగు పోగులను ఎత్తే సాధనంతో) వేసిన బుటాలో దారం ఒక పువ్వు నుంచి మరో పువ్వు దాకా వెనక వేలాడుతూ పోతుంది. తరువాత దాన్ని కత్తిరిస్తారు గనుక, వేలితో నిమిరితే తెగిన పోగుల కొసలు గరుకుగా తగులుతాయి. అయితే చేమగ్గానికీ జకార్డు కడతారు కాబట్టి, ఆ కొసలు కనిపించినంత మాత్రాన అది మరమగ్గం చీర అని తేల్చకూడదు. జాందానీ ధర మాత్రం ఇవ్వనక్కరలేదు.

తరువాత అంచు చూడండి. నాడె (పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే సాధనం) ఆడే మగ్గం మీద పేక అంచు దగ్గర తిరిగి మళ్ళీ లోపలికి వస్తుంది; నాడె లేని ఆధునిక యంత్రాల మీద అది ప్రతి వరుసకూ తెగి, అంచు పొడవునా సన్నని కుచ్చులా మిగులుతుంది. అటువంటి కుచ్చు ఉంటే అది చేనేత కాదు. లేకపోతే మాత్రం చేనేతేనని చెప్పలేము, ఎందుకంటే పాతరకం మరమగ్గాలకూ నాడె ఉంటుంది. అప్పుడు బట్టను వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి: పేకను బిగించే చేతి దెబ్బ ప్రతిసారీ ఒకేలా పడదు గనుక పేక అక్కడక్కడ కాస్త దగ్గరగా, కాస్త వదులుగా కనిపిస్తుంది. దీన్ని లోపమని బేరమాడేవారు లేకపోలేదు, అది న్యాయం కాదు.

నూలు సన్నదనాన్ని కౌంటుతో చెబుతారు. ఒక పౌండు బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అది అన్నో కౌంటు. అంటే 100 కౌంటు నూలు ఒక పౌండులో 84,000 గజాలు సాగుతుంది. సన్నని నూలు అన్నది నిజమేనా అని తెలియాలంటే గంజి కరుకుదనాన్ని నమ్మవద్దు, బట్టను వేళ్ళ మధ్య నలిపి చూడండి. నూలులో పాలిస్టర్ కలిసిందని అనుమానముంటే, అనుమతి అడిగి కొస నుంచి ఒక పోగు లాగి కాల్చాలి: నూలు కాగితం వాసనతో కాలి మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస కడుతుంది.

2006లో మొదలైన హ్యాండ్లూమ్ మార్క్ చీటీ, ఆప్కో (రాష్ట్ర చేనేత సహకార సంఘం) బిల్లు ఉంటే కొంత భరోసా. వీలైతే నేరుగా వెంకటగిరికే వెళ్ళడం మేలు. 2022 నుంచి అది తిరుపతి జిల్లాలోనే ఉంది, రేణిగుంట–గూడూరు రైలు మార్గంలో స్టేషన్ కూడా ఉంది.

ఇంటికి తెచ్చాక మొదటి ఉతుకు విడిగా, చల్లని నీటిలో, కుంకుడుకాయ రసంతో చేయండి. జరీ ఉన్న చోట పిండవద్దు, బ్రష్ తగలనివ్వవద్దు, నీడలో ఆరవేయండి. కట్టుకొనే ముందు పలుచని గంజి పెట్టుకోవచ్చు గాని, గంజితో బీరువాలో దాస్తే పురుగు పడుతుంది. దాచేటప్పుడు ఉతికిన మల్లు గుడ్డలో చుట్టి, మధ్యమధ్య మడతలు మార్చాలి. కలరా ఉండలు జరీకి తగలకుండా చూడాలి.