పాత ప్రొక్లెయినర్ స్లో అయిందా? పంపు విప్పే ముందు ఇవి చూడండి

పొక్లెయిన్ అనేది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. ఆ కంపెనీతో కలిసి ఎల్ అండ్ టీ ఇక్కడ బళ్ళు తయారు చేసినప్పటి నుంచి, ఏ కంపెనీ తవ్వే చైన్ బండినైనా ప్రొక్లెయినర్ అనడమే మనకు అలవాటైంది. ఇప్పుడు క్వారీల్లో, చెరువు పూడిక పనుల్లో సెకండ్‌హ్యాండ్‌లో తిరిగే పాతకాపుల్లో టాటా హిటాచీ ఈఎక్స్ 200 ఒకటి. 20 టన్నుల తరగతి బండి, ఆరు సిలిండర్ల కమిన్స్ 6బీటీ ఇంజిన్. కంప్యూటర్ పెట్టి అడగక్కర్లేదు. ఏం నొప్పో గొంతుతోనే చెబుతుంది. దాన్ని నడిపిన ఆపరేటర్లు ఇప్పటికీ ఇష్టంగా తలుచుకునేది అందుకే.

ఈ బండి స్లో అయితే మొదట వినపడే మాట 'పంపు పోయింది'. అంటే ఆయిల్‌ను ప్రెజర్‌తో తోసే హైడ్రాలిక్ పంపు. నిజంగా పోయేది కొన్నిసార్లే. ఖరీదైన అనుమానం కాబట్టి దాన్ని ఆఖరున పెట్టుకోండి.

చాలా రోజులు నిలిపిన బండి అయితే

నేరుగా సెల్ఫ్ కొట్టకండి. డీజిల్ ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ తెరిచి, నీళ్ళు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. డీజిల్ నుంచి నీళ్ళు వేరుచేసే సెపరేటర్ గిన్నె కూడా అలాగే. డ్రమ్ముల్లో తెచ్చి పోసే డీజిల్‌తో నీళ్ళు రావడం మామూలే. ఇంజిన్ ఆయిల్, రేడియేటర్ నీళ్ళు చూడండి. హైడ్రాలిక్ ఆయిల్ లెవెల్ చూసేటప్పుడు బండి సమంగా నిలబడి, బూమ్ (బండికి తగిలిన పెద్ద చెయ్యి), ఆర్మ్ (దాని చివర బకెట్ పట్టే చెయ్యి) గేజ్ పక్కన అంటించిన బొమ్మలో ఉన్నట్టే ఉండాలి. సిలిండర్లు బయటికి చాచి చూస్తే ఆయిల్ తక్కువ కనపడుతుంది. తక్కువైందని పోస్తే, సిలిండర్లు ముడిచినప్పుడు ట్యాంకు పొంగుతుంది. ఆయిల్ పాలలా ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. అలాంటి ఆయిల్‌తో ఒక్క గంట కూడా నడపొద్దు.

ట్యాంకు ఖాళీ చేసి కొత్త ఆయిల్ పోశారా? అయితే పంపు కేసులో కూడా ఆయిల్ నింపాలి. పంపు మీద ఉండే ఎయిర్ ప్లగ్ వదులు చేసి, బుడగలు లేని ఆయిల్ కారేదాకా ఆగి బిగించాలి. ఈ పని మరిచి స్టార్ట్ చేస్తే పంపు లోపలి భాగాలు ఎండిపోయి రాసుకుంటాయి. 'ఆయిల్ మార్చాక పంపు పోయింది' అనే కథలు కొన్ని ఇక్కడే మొదలవుతాయి.

డీజిల్ లైనులో ఎయిర్ పడితే ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే ప్రైమర్ వాడండి. ఫిల్టర్ హెడ్ మీద ఎయిర్ స్క్రూ వదులు చేసి, నురగ ఆగేదాకా కొట్టాలి. ప్రైమర్‌కు బిగువు తగలకపోతే ఇంజిన్‌ను కాస్త తిప్పి మళ్ళీ ప్రయత్నించాలి. సెల్ఫ్ 30 సెకన్లకు మించి కొట్టకండి, మధ్యలో 2 నిమిషాలు ఆగండి. రెండు 12 వోల్టుల బ్యాటరీలూ సెల్ఫ్ మోటారూ దక్కాలంటే అంతే. టాపెట్లు, అంటే ఇంజిన్ వాల్వుల సందు, కూడా చూసుకుంటే మంచిది. చల్లటి ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.25 మి.మీ., ఎగ్జాస్ట్ 0.51 మి.మీ.

ఇంజిన్ గొంతు వినండి

చల్లటి ఆయిల్‌తో ఏ బండైనా బద్ధకంగానే ఉంటుంది. ఐడిల్‌లో 5 నిమిషాలు నడిపి, లోడు లేకుండా బకెట్, ఆర్మ్ మెల్లగా ఆడించి, ఆయిల్ 50 డిగ్రీల దాకా వెచ్చబడ్డాక పరీక్ష చేయండి.

ఫుల్ ఆక్సిలేటర్‌లో బకెట్‌ను పూర్తిగా ముడిచి, ఇక కదలకపోయినా లివర్ రెండు సెకన్లు అలాగే పట్టుకోండి. ఇంజిన్ గొంతు బాగా దిగి, నల్ల పొగ కక్కితే హైడ్రాలిక్ ప్రెజర్ ఇస్తోందన్నమాట. బలం లేనిది ఇంజిన్‌కు. ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్, టర్బో పైపు క్లిప్పులు చూడండి. ఇంజిన్‌కు ఏమీ తగలనట్టు గొంతు మారకపోతే హైడ్రాలిక్ వైపు వెళ్ళండి.

అక్కడ కూడా ముందు పైలట్ ప్రెజర్, అంటే లివర్ కదిపితే కంట్రోల్ వాల్వును నడిపే చిన్న లైను ప్రెజర్ చూడాలి, చదరపు సెం.మీ.కు సుమారు 40 కేజీలు ఉండాలి. పైలట్ ఫిల్టర్ మూసుకుపోతే కంట్రోల్ వాల్వులో జరిగే స్పూళ్ళు పూర్తిగా తెరుచుకోక బండి అంతా ఒకేలా మందగిస్తుంది. స్టార్ట్ చేసినప్పుడు ఈలలా, గులకరాళ్ళు కలిపినట్టు చప్పుడొస్తే పంపుకు ఆయిల్ అందట్లేదు. సక్షన్ స్ట్రెయినర్, ఆయిల్ లెవెల్, సక్షన్ హోస్ క్లిప్పు చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, మధ్యాహ్నానికి నీరసపడితే అరుగుదలే కారణం కావొచ్చు. ఆయిల్ కూలర్ రేకుల్లో దుమ్ము పేరుకున్నా అలాగే ఉంటుంది కాబట్టి ముందు గాలి కొట్టి చూడండి.

ఒక చైనే మెల్లగా తిరుగుతోందా? ఈ బండికి రెండు పంపులు. ఒకటి కుడి ట్రావెల్ (చైన్ నడక), బకెట్ వైపు, రెండోది ఎడమ ట్రావెల్, స్వింగ్ (పైభాగం తిరగడం), ఆర్మ్ వైపు పనిచేస్తాయి. ఎడమ చైన్‌తో పాటు స్వింగ్, ఆర్మ్ కూడా మందగిస్తే అనుమానం ఆ పంపు వైపు. ఎడమ చైన్ ఒక్కటే అయితే ట్రావెల్ మోటారు, పైనుంచి కింది మోటార్లకు ఆయిల్ పంపే సెంటర్ జాయింట్ చూడాలి. ఈ ఒక్క లెక్క తెలియక మంచి పంపులు విప్పేస్తుంటారు.

బూమ్ దానంతటది దిగుతుంటే

ఖాళీ బకెట్‌తో బూమ్ ఎత్తి, ఇంజిన్ ఆపి, 5 నిమిషాల్లో ఎంత దిగిందో టేపుతో కొలవండి. బూమ్ కింద ఎవరూ ఉండకూడదు. తప్పు సిలిండర్ సీలుదా, కంట్రోల్ వాల్వుదా తేల్చడానికి మంచి ఉపాయం ఉంది. పైలట్ లైనులో ప్రెజర్ నిల్వ ఉంచే అక్యుములేటర్ ఉన్న బళ్ళలో ఇంజిన్ ఆపిన వెంటనే కీ ఆన్‌లో ఉంచి, బూమ్ ఎత్తే వైపు లివర్ లాగండి. బూమ్ ఇంకా వేగంగా దిగితే సీలు పోయింది. ఎందుకంటే అప్పుడు రాడ్ వైపు దారి ట్యాంకుకు తెరుచుకుంటుంది, సీలు దాటి వచ్చిన ఆయిల్ తేలిగ్గా పారిపోతుంది. దిగే తీరు మారకపోతే కంట్రోల్ వాల్వ్. ముందే సీల్ కిట్ కొని మార్చి, మళ్ళీ దిగుతుంటే తల పట్టుకోవడం కన్నా ఇది నయం.

హోస్ సన్నగా చిమ్ముతుంటే ఎక్కడో చేత్తో తడిమి చూడకండి. ఆ ప్రెజర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరుతుంది. అట్ట ముక్క అడ్డం పెట్టి చూడండి.

చైన్, పిన్నులు

చైన్ బిగువుకు స్వింగ్ 90 డిగ్రీలు తిప్పి, బకెట్‌తో ఒక పక్క ఎత్తి, ఫ్రేమ్ కింది అంచు నుంచి కిందికి వేలాడే చైన్ ప్లేటు వరకు మధ్యలో కొలవండి. ఈ తరగతిలో 300 మి.మీ. పైచిలుకు ఉండాలి, ఖచ్చితమైన అంకె మీ బండి పుస్తకంలో చూడండి. బురదలో కొంచెం వదులుగా ఉంచాలి, లేదంటే మట్టి పేరుకుని చైన్ తెగేలా బిగుస్తుంది. వదులు చేయాలంటే గ్రీజు వాల్వ్‌ను ఒక చుట్టు, మహా అయితే ఒకటిన్నర. దానికి ఎదురుగా నిలబడకండి, గ్రీజుతో పాటు వాల్వ్ కూడా బుల్లెట్‌లా వస్తుంది.

బకెట్ పిన్నులకు పూటపూటా గ్రీజు పెట్టండి. పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. బుష్‌లో ఆట పెరిగితే బకెట్ పళ్ళు గీత తప్పుతాయి, లెవెల్ చేసేవారికి చిరాకు అక్కడే.

లివర్ మీద చెయ్యి

కొత్త చేతికి బండి వస్తే మొదట లివర్ల ప్యాటర్న్ చూడండి. పాత బళ్ళలో పైపులు మార్చేసి ఉండొచ్చు. మామూలుగా ఎడమ చేతిలో ఆర్మ్, స్వింగ్, కుడి చేతిలో బూమ్, బకెట్. తవ్వేటప్పుడు చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం స్ప్రాకెట్ వెనక, అవతలి చివర ఉండే ఐడ్లర్ చక్రం ముందు ఉండేలా బండి నిలపండి. సిలిండర్ చివరిదాకా కొట్టకండి. స్వింగ్‌తో రాళ్ళు తోయకండి. టిప్పర్‌ను పక్కకు, తక్కువ స్వింగ్‌లో నిలిపితే డీజిలూ మిగులుతుంది, స్వింగ్ మోటారూ బతుకుతుంది.

ఆపేముందు 5 నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి, టర్బో చల్లబడాలి. సాయంత్రమే ట్యాంకు నింపి పెట్టండి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చెమటలా పట్టే నీళ్ళే తెల్లారి సెపరేటర్ గిన్నెలో కనపడతాయి.