తుప్పు పట్టిన సస్పెన్షన్ బోల్టు విప్పే ముందు జాగ్రత్తలు

• జాక్ ఒక్కటే మోస్తున్న కారు కిందికి దూరవద్దు. గట్టి నేల మీద జాక్ స్టాండ్లు పెట్టండి, మిగతా చక్రాలకు అడ్డు వేయండి. కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి.

• కొత్త బోల్టు, నట్టు ముందే తెచ్చుకోండి.

• తుప్పు వదిలించే ఆయిల్ ముందురోజు రాత్రే కొట్టండి. ఇక్కడ తొందరపడితే బోల్టు తల తెగి పని రెట్టింపవుతుంది.

• సాకెట్ 6 మూలలదే వాడండి.

• వేడి చేయాల్సి వస్తే మాత్రం చాలా జాగ్రత్త. రబ్బరు బుష్, బ్రేక్ హోస్, పెట్రోల్ పైపు, షాక్ అబ్జార్బర్ దగ్గర మంట పెట్టవద్దు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ కొట్టిన చోట అసలే వద్దు, ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

• స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ను నొక్కి పట్టే పనిముట్టు) బిగించకుండా స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైనున్న నడిమి నట్టు కదపవద్దు. నొక్కుకుని ఉన్న స్ప్రింగ్ ఎగిరితే ప్రాణం మీదికే వస్తుంది.