డిజిటల్ వాచీల మీద మోజు మారినప్పుడు సేకరణను ఎలా సర్దుకోవాలి?

డిజిటల్ వాచీలు పోగుచేసేవాళ్లకు ఒక దశ వచ్చి తీరుతుంది. పెట్టె నిండుగా ఉంటుంది, చేతికి మాత్రం ఎప్పుడూ ఆ ఒకటో రెండో ఎక్కుతాయి. ఒకప్పుడు వెతికి వెతికి తెచ్చుకున్న కాలిక్యులేటర్ వాచీ ఆగిపోయి ఎన్నాళ్లయిందో కూడా గుర్తుండదు. అలాంటప్పుడు చాలామంది అన్నీ ఒకేసారి అమ్మేస్తారు, లేదంటే విసుగు పోగొట్టుకోవడానికి ఇంకొకటి కొంటారు. రెండూ తొందరపాటే. మోజు ఎటు మళ్లిందో ముందు పట్టుకుంటే ఏది ఉంచాలో, ఏది వదలాలో, ఇకపై ఏది కొనాలో తేలిగ్గా తెలుస్తుంది.

1. అన్నీ బయట పరిచి, తెరను బట్టి విడదీయండి

కంపెనీని బట్టీ, ధరను బట్టీ వద్దు. డిజిటల్ వాచీలో మన కళ్లు రోజూ కలిసేది తెరతోనే. కేసు ఎంత బాగున్నా తెర నచ్చని వాచీ ఎక్కువ కాలం చేతికి ఉండదు.

ఎర్ర అంకెల ఎల్‌ఈడీ వాచీలు ఒక గుంపు. 1972లో అమెరికాలో హామిల్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన పల్సర్‌తో ఇవి మొదలయ్యాయి. దానిది 18 క్యారెట్ల బంగారు కేసు, ధర 2,100 డాలర్లు. ఆ అంకెలు వెలగాలంటే కరెంటు బాగా ఖర్చవుతుంది, అందుకే బటన్ నొక్కితేనే టైము కనిపిస్తుంది. చేతిలో సంచీ ఉంటే టైము చూడలేరన్నమాట. కొద్ది ఏళ్లకే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ప్లాస్టిక్ కేసులో ఎల్‌ఈడీ వాచీని 20 డాలర్లకు దించింది. ఎల్‌ఈడీ మీద ఇష్టం చాలామందికి మొదటి చూపులోనే పుట్టి, రోజూ వాడే సరికి చల్లారుతుంది.

లేత రంగు నేల మీద నల్లని అంకెలు కనిపించే ఎల్‌సీడీ రెండో గుంపు. 1973లో సీకో ఆరంకెల ఎల్‌సీడీ వాచీని తెచ్చింది. 1974లో క్యాసియో కంపెనీ తెచ్చిన క్యాసియోట్రాన్ నెలకు ఎన్ని రోజులో తానే లెక్కగట్టి తేదీ మార్చేది. వీటిలో అంకెలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. నల్లని నేల మీద తెల్లని అంకెలుండే నెగటివ్ తెరలు మూడో గుంపు.

ప్రతి గుంపులోనూ చీకట్లో ఎలా వెలుగుతాయో కూడా చూడండి. అంచున చిన్న దీపం ఉన్నవి ఒక తీరు. టైమెక్స్ 1992లో ఇండిగ్లో పేరుతో తెచ్చినట్టు, తెరంతా ఒకేలా వెలిగేవి ఇంకో తీరు.

2. ఒక నెలపాటు చీటీ రాయండి

పొద్దున ఏ వాచీ పెట్టుకున్నారు, ఎందుకు తీశారు. ఈ రెండు మాటలు చాలు. ఎందుకు పెట్టుకున్నామన్న దానికి మనకు మనమే అందమైన కారణాలు చెప్పుకుంటాం. తీసేసిన కారణం మాత్రం నిజం చెబుతుంది: చొక్కా చేతికి తగులుతోంది, ఎండలో అంకెలు కనబడలేదు, గంట గంటకూ బీప్ మోగుతోంది, పట్టీ కింద చెమట పడుతోంది.

చీటీ నిండాక మీ మోజు నడిచిన దారి కనిపిస్తుంది. నేను చూసినంతలో ఆ దారి తరచుగా ఒకేలా సాగుతుంది. మొదట హంగుల మోజు. 1980లో క్యాసియో సీ-80 అనే కాలిక్యులేటర్ వాచీని తెచ్చింది, 1984లో ఫోన్ నంబర్లు దాచుకునే డేటాబ్యాంక్ వచ్చింది. 1994లో టైమెక్స్ డేటాలింక్ వచ్చింది. పాతకాలపు గాజు గొట్టపు మానిటర్ మీద గీతలు మెరుస్తుంటే వాచీలోని కన్ను ఆ మెరుపుల్ని చదివి నంబర్లు, పనుల జాబితా లోపలికి తీసుకునేది. చదునైన కొత్త మానిటర్లు అలా మెరవవు కాబట్టి వాటితో అది పనిచేయదు. ఫోన్ వచ్చాక ఈ హంగుల అవసరం తీరిపోయింది, చాలామందికి మోజూ తీరిపోతుంది. నన్నడిగితే ఈ రకంలో కనీసం ఒకటి ఉంచుకోండి. అంత చిన్న చోట అంత పని చేయించాలని ఇంజనీర్లు పడిన తపన వీటిలో ఉన్నంతగా ఇంకెక్కడా లేదు.

తర్వాత దిట్టమైన వాచీల మీదికి మనసు పోతుంది. 1983లో వచ్చిన మొదటి జీ-షాక్, డీడబ్ల్యూ-5000సీ, 10 మీటర్ల ఎత్తు నుంచి పడినా తట్టుకోవాలన్న లక్ష్యంతో క్యాసియో ఇంజనీరు కికువో ఇబె రూపొందించినది. ఆ మోజు కూడా నెమ్మదించాక చాలామంది చేరేది పలుచని, తేలికైన వాచీల దగ్గరికి. 1989 నాటి క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ బరువు 21 గ్రాములు. అందులో ఉన్నవి టైము, తేదీ, అలారం, స్టాప్‌వాచ్, ఓ చిన్న దీపం. ఇన్నేళ్లకు అదే చాలనిపించడం వెనకడుగు కాదు. తనకేం కావాలో మనిషికి తెలిసిందని అర్థం.

3. మారింది మనసా, కళ్లా?

నెగటివ్ తెరలు ఒకప్పుడు ఇష్టంగా కొని ఇప్పుడు పక్కన పెడుతున్నారంటే, అది అభిరుచి కాకపోవచ్చు. మసక వెలుతురులో అవి ఎవరికైనా కష్టమే, వయసుతో ఇంకా కష్టం. అలా అయితే అదే మోడల్‌లో మామూలు తెర ఉన్నది చూడండి, మీ ఇష్టం మళ్లీ చిగురించవచ్చు.

4. అమ్మే ముందు కొన్నాళ్లు దాచండి

మోజు తగ్గినవాటిని వెంటనే వదలొద్దు. ఒక్కోసారి తిరిగి వస్తుంది. అయితే దాచే పద్ధతి తెలియాలి. మామూలు సెల్లుతో నడిచేవాటిలోంచి సెల్లు తీసేయండి, కారితే మాడ్యూల్, అంటే వాచీని నడిపే లోపలి యంత్రం, పాడవుతుంది. సోలార్ వాచీలను మాత్రం చీకటి పెట్టెలో వదిలేయొద్దు. వాటి సెల్లు పూర్తిగా అడుగంటితే మళ్లీ ఛార్జి పట్టుకోకపోవచ్చు. అప్పుడప్పుడూ కిటికీ వెలుతురు చూపిస్తే చాలు, మండుటెండ అక్కర్లేదు. వేడి ఎల్‌సీడీకి మంచిది కాదు. పాత రెజిన్ (ఒక రకం ప్లాస్టిక్) పట్టీలు గాలిలోని తేమకే పెళుసుబారి ముక్కలవుతాయి. వాటిని వంచి బిగించకుండా, ఉన్న ఆకారంలోనే ఉంచండి.

5. ఆగిపోయినవాటిని లేపి చూడండి

ఈ మెట్టు దాటకుండా ఏ వాచీ మీదా తీర్పు ఇవ్వకండి. ఆగిపోయిన వాచీ మీద ఇష్టం పోవడం సహజం, నడిచే వాచీ మీద పోతేనే అది నిజంగా పోయినట్టు.

వెనక మూత తీశాక ముందు ఫోటో తీసుకోండి. అలారం మోగడానికి వాడే సన్నని స్ప్రింగు ఎగిరిపోతే వెతకడం చాలా కష్టం. పాత సెల్లు మీద ఏ నంబరు ఉందో అదే వేయండి. ఎస్‌ఆర్‌తో మొదలయ్యే సిల్వర్ ఆక్సైడ్ సెల్లు ఉండాల్సిన చోట ఎల్‌ఆర్ ఆల్కలైన్ పెడితే వోల్టేజి క్రమంగా పడిపోతుంది, కారే భయమూ ఎక్కువే. సోలార్ వాచీలో సీటీఎల్1616 ఉంటే దాని బదులు మామూలు సీఆర్1616 వేయకూడదు. అది రీఛార్జికి పనికిరాదు.

కొత్త సెల్లు వేశాక తెర ఖాళీగా ఉన్నా, పిచ్చి గీతలు కనిపించినా కంగారు పడకండి. చాలా క్యాసియో మాడ్యూళ్ల మీద ‘ఏసీ’ అని రాసిన చిన్న చుక్క ఉంటుంది. దాన్నీ సెల్లు ప్లస్ వైపునూ ట్వీజర్స్‌తో రెండు క్షణాలు కలిపి వదిలితే మాడ్యూల్ మొదటి నుంచి మొదలవుతుంది. అంకెల్లో కొన్ని గీతలే కనిపించకపోతే, తెరనూ సర్క్యూట్‌నూ కలిపే చారల రబ్బరు ముక్కను, అది తాకే చోట్లను శుభ్రం చేయాలి.

తెర పసుపుబారితే తప్పు సాధారణంగా పైనున్న పోలరైజర్ పొరది (కాంతిని ఒక దిశలోనే వదిలే పలుచని ఫిల్ము), కొత్త పొర అంటించుకోవచ్చు. అదే పొరను 90 డిగ్రీలు తిప్పి అంటిస్తే మామూలు తెర నెగటివ్ అవుతుంది, నెగటివ్ తెర మామూలుదవుతుంది. తెరలో సిరా ఒలికినట్టు నల్లమచ్చ ఉంటే మాత్రం గాజు పగిలి లోపలి ద్రవం చెదిరినట్టు, తెర మార్చడం ఒక్కటే దారి.

మూసేటప్పుడు వెనక మూత అంచునుండే రబ్బరు రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయండి.

6. కొత్త మోజుకు తగ్గట్టు ఒక్కటే కొనండి

చీటీలో తేలిన కారణాన్ని ఒక వాక్యంలో రాసుకుని, దానికి సరిపోయే వాచీనే వెతకండి. పాత వాచీ అయితే అన్ని గీతలూ వెలిగిన తెర ఫోటో, వెనక మూత తీసిన ఫోటో అడగండి. మాడ్యూల్ నంబరు ఆ మోడల్‌కు సరిపోవాలి. ఎఫ్-91డబ్ల్యూ చేతికి వస్తే కుడివైపు బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టండి, అసలుదైతే తెర మీద క్యాసియో పేరు కనిపిస్తుంది. ఇప్పుడు కొన్ని నకిలీలు కూడా ఇది చూపిస్తున్నాయి కాబట్టి అక్షరాల అచ్చు నాణ్యత, బటన్ల బిగువు కూడా గమనించండి.

7. వదిలేవాటిని వివరాలతో ఇవ్వండి

అప్పటికీ చేతికి ఎక్కనివాటిని వాటి మీద మోజు ఇప్పుడే మొదలైనవాళ్లకు ఇవ్వండి. మాడ్యూల్ నంబరు, సెల్లు వేసిన నెల, పొర గానీ పట్టీ గానీ మార్చి ఉంటే ఆ సంగతి ఒక చీటీ మీద రాసి జతచేయండి. మూత ఒకసారి తెరిచిన వాచీ అయితే, మళ్లీ పరీక్ష చేయించేదాకా నీళ్లలో వాడొద్దని కూడా రాయండి.