పాత ఫ్లాట్‌హెడ్ ఇంజిన్ మరిగిపోతుంటే: నా అనుభవం

ఒహాయోలో మా ఇంటి షెడ్డులో 1929 మోడల్ ఏ ఫోర్డుకు 1951 నాటి ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్ (వాల్వులు పైమూతలో కాక సిలిండర్ల పక్కనే ఉండే ఎనిమిది సిలిండర్ల పాతరకం) బిగించి హాట్ రాడ్ (వేగం కోసం మార్చిన పాత కారు) చేసుకుంటున్నాను. ఇరవై నిమిషాలు నడిపితే చాలు, నీళ్లు మరిగిపోయేవి. రేడియేటర్, రెండు థర్మోస్టాట్లు, ఫ్యాన్ బెల్టు మార్చాను, టైమింగ్ సరిచేశాను. ఫలితం లేదు.

ఈ ఇంజిన్లలో వేడి పొగ బయటికి పోయే దారులు దిమ్మె (సిలిండర్లుండే ఇనుప బ్లాక్) లోపలి నుంచే వెళతాయి. అందుకే నీటి దారుల్లో కొంచెం మట్టి చేరినా వేడి నిలిచిపోతుంది. నన్ను గట్టెక్కించింది ఆ మట్టిని తీయడమే.

ముందు నీళ్లు ఖాళీ చేసి, రెండు నీటి పంపులూ రెండు హెడ్లూ (సిలిండర్ల పైమూతలు) విప్పాను. సిలిండర్లలో గుడ్డలు కుక్కాను. పాత ఉక్కు తీగను డ్రిల్లింగ్ మిషన్‌కు బిగించి, పంపు రంధ్రాల్లోంచీ పైనున్న నీటి రంధ్రాల్లోంచీ దూర్చి తిప్పాను. తుప్పు పెచ్చులూ, దిమ్మెను పోతపోసినప్పుడు మిగిలిపోయిన ఇసుకా దోసిళ్ల కొద్దీ రాలాయి! గొట్టంతో నీళ్లు కొట్టడం, మళ్లీ తీగ దూర్చడం. తేటనీరు వచ్చేదాకా రెండు రోజులు పట్టింది. వెంటనే సిలిండర్లు తుడిచి నూనె పూశాను. కొత్త గ్యాస్కెట్లు వేసి బిగించాక, రేడియేటర్ పై గొట్టాల్లో పాత నైలాన్ మేజోడు ముక్కలు జల్లెడలా పెట్టాను. మిగిలిన తుప్పు వాటిలో చిక్కింది. ఈ మేజోళ్లను తరచూ తీసి కడగాలి, లేకపోతే అవే అడ్డుపడతాయి.

ఇప్పుడు ఎండలో గంటసేపు నడిపినా వేడి చూపే మీటరు ముల్లు నిలకడగా ఉంది. ఇది నా ఒక్క ఇంజిన్ సంగతి. దిమ్మె వాల్వుల దగ్గర పగిలి ఉంటే మాత్రం ఎంత కడిగినా లాభం ఉండదు. హెడ్లు విప్పినప్పుడే ఆ పగుళ్లు వెతకండి.