స్ట్రింగ్ నుంచి ఫ్లోట్: అంకె కనబడుతుంది, కానీ మారదు

నల్లగొండ, పాలమూరు వైపు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇదే. "అన్నా, స్క్రీన్ మీద అంకెనే ఉంది, కానీ ఫ్లోట్ అయితలేదు." స్ట్రింగ్ అంటే అక్షరాల వరుస, ఫ్లోట్ అంటే లెక్క చేయడానికి పనికొచ్చే దశాంశ సంఖ్య. నేను అడిగేది ఒక్కటే: రెప్ర్ (కనబడని అక్షరాలను కూడా కోడ్‌గా చూపించే పైథాన్ ఫంక్షన్) పెట్టి చూశావా? చూసి ఉండరు. ప్రింట్ చేసి చూస్తారు. ప్రింట్ అక్షరాలను చూపిస్తుంది గానీ వాటి మధ్య దాక్కున్నదాన్ని చూపించదు. పైథాన్‌లో రెప్ర్ చూడండి, ఏ భాషలోనైనా స్ట్రింగ్ పొడవు చూడండి. 2320 అని నాలుగు అంకెలే కనబడుతూ పొడవు 5 వస్తే, ఆ అయిదోది ఏమిటో తేలేదాకా కోడ్ ముట్టుకోవద్దు.

వాల్యూఎర్రర్ వస్తోంది

మొదట కామా. మనం 2,320 అనీ 1,25,000 అనీ రాస్తాం. పైథాన్ ఫ్లోట్‌కు కామా పడదు, వాల్యూఎర్రర్ (ఈ విలువను మార్చలేను అనే సందేశం) ఇస్తుంది. అది మేలు. జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఫ్లోట్ 1,25,000ను చదివి 1 అని ఇచ్చి ఊరుకుంటుంది, ఎర్రర్ ఉండదు. కామాలు తీసేసి మార్చండి, అంతే.

"కామా లేదు, స్ట్రిప్ కూడా పెట్టినా, అయినా వస్తోంది" అంటే అది ఖాళీ కాదు. స్ట్రిప్ తీసేసేది అంకెకు ముందూ వెనకా ఉన్న ఖాళీలనే, వాటిని ఫ్లోట్ తనే వదిలేస్తుంది. తెలుగు టెక్స్ట్ నుంచి తీసుకున్న అంకె అయితే నా అనుమానం యూనికోడ్ నంబరు 200సి ఉన్న కనబడని అక్షరం మీదికే పోతుంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. క్వింటాల్ తర్వాత 'కు' కొడితే అది వత్తుగా మారకుండా కీబోర్డు మధ్యలో పెట్టేది దీన్నే. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే ప్రతి మాట చివరా పెట్టేస్తాయి. మీరు "క్వింటాల్ 2320"లో క్వింటాల్ అనే మాటను రీప్లేస్‌తో తీసేస్తారు. మాట పోతుంది, ఆ కనబడని అక్షరం అంకె ముందు మిగిలిపోతుంది. స్ట్రిప్ దాన్ని ఖాళీగా లెక్కపెట్టదు. పైథాన్ ఎర్రర్ చివరి లైన్‌లో కోట్స్ మధ్య అది రాసే ఉంటుంది, దయచేసి ఆ లైన్ చివరిదాకా చదవండి. 200బి, 200సి, 200డి నంబర్ల కనబడని అక్షరాలు మూడింటినీ రీప్లేస్‌తో తీసేస్తే పని అయిపోతుంది.

ఫైల్‌లో మొట్టమొదటి గడి ఒక్కటే మొరాయిస్తే అది బామ్, అంటే ఫైల్ మొదట్లో ఉండే కనబడని గుర్తు. ఎక్సెల్ నుంచి సేవ్ చేసిన సీఎస్‌వీల్లో మామూలే. ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8-సిగ్ అని ఇచ్చి తెరవండి.

ఎర్రర్ లేదు, మొత్తం మాత్రం తప్పు

దీని దగ్గర కొంచెం ఆగండి. నన్ను నిజంగా దెబ్బతీసింది ఇదే.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు వడ్ల కొనుగోలు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చాను. ధర గడిలో ఒకరు 2320 అని, ఒకరు రూ.2320 అని, ఇంకొకరు రూ.2320/- అని కొట్టేవారు. ఎర్రర్లు వస్తుంటే, అందరూ చేసేదే నేనూ చేశాను. అంకెలూ చుక్కా తప్ప మిగతావన్నీ తీసేయమని రెగెక్స్‌లో (అక్షరాల నమూనాను వెతికే రాతలో) ఒక్క లైన్ రాశాను. ఎర్రర్లు ఆగిపోయాయి.

ఇప్పుడు రూ.2320లో ఏం మిగిలిందో చూడండి. 'రూ' పోయింది, దాని పక్కనున్న చుక్క పోలేదు. మిగిలింది .2320. ఫ్లోట్‌కు అది చక్కటి అంకె, 0.232 అని ఇస్తుంది. 120 క్వింటాళ్ల లోడుకు 2,78,400 రూపాయలు రావాల్సిన చోట 27 రూపాయల 84 పైసలు పడింది. పక్కన సరిగా పడ్డ లోడ్లు చాలా ఉండటంతో మొత్తం చూసి ఎవరికీ అనుమానం రాలేదు. గుమస్తా తన చేతిరాత చిట్టాతో సరిచూస్తే బయటపడింది.

ఇంకో మెలిక కూడా ఉంది. రూ.2320.00 అని పైసలతో రాసిన వరుసల్లో రెండు చుక్కలు మిగులుతాయి కాబట్టి పైథాన్ అక్కడ ఎర్రర్ ఇచ్చింది. రెండు చుక్కలుంటే మొదటిది తీసెయ్ అని రాసి, అయిపోయిందనుకున్నాను. నోరు తెరిచి చెప్పిన వరుసలను బాగుచేసి, నోరు మూసుకుని తప్పు చెప్పినవాటిని వదిలేశాను. ఇదే డేటా పార్స్‌ఫ్లోట్‌కు ఇస్తే రెండు చుక్కలున్నా 0.232 అనే ఇస్తుంది, ఆ ఎర్రర్ కూడా రాదు.

అక్కర్లేనివన్నీ తీసెయ్ అనే రెగెక్స్ ధర గడి మీద ఎప్పుడూ వాడకండి. తీసేవాటిని పేరుపెట్టి తీయండి: ముందు చుక్కతో కలిపి 'రూ.', తర్వాత ఒట్టి 'రూ', రూపాయి గుర్తు, చివరి '/-', కామాలు, పైన చెప్పిన కనబడని అక్షరాలు. అప్పుడు మిగిలినదాన్ని ఫుల్‌మ్యాచ్‌తో, అంటే స్ట్రింగ్ మొత్తం నమూనాకు సరిపోతుందా అని, పరీక్షించండి. అంకెతో మొదలవ్వాలి, చుక్క ఒకటి మించకూడదు, చుక్క ఉంటే దాని వెనక మళ్లీ అంకెలు ఉండాలి. సరిపోకపోతే ఊహించి మార్చొద్దు, వరుస నంబరూ రెప్రూ చూపించి ఆపేయండి. మారిన తర్వాత కూడా ఒక హద్దు పెట్టండి. 2024-25లో ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2320 అయితే, వెయ్యి లోపు ధర కనబడ్డ ప్రతి వరుసా మనిషి కంటపడాలి. నా ప్రోగ్రాంలో ఆ ఒక్క ఇఫ్ ఉండుంటే మొదటి రోజే దొరికేది.

ఖాళీ గడి సున్నా అయింది

జావాస్క్రిప్ట్‌లో నంబర్ అనే ఫంక్షన్‌కు ఖాళీ స్ట్రింగ్ ఇస్తే 0 వస్తుంది. తేమ కొలవని లోడు తేమ లేని లోడుగా లెక్కలోకి పోతుంది. మార్చేముందు ఖాళీయా అని చూడండి.

0.1కి 0.2 కలిపితే 0.30000000000000004

ఇది మార్పిడి తప్పు కాదు, బైనరీలో 0.1 కచ్చితంగా ఇమడదు. డబ్బు లెక్కకు పైథాన్ డెసిమల్ (దశాంశాలను కచ్చితంగా పట్టుకునే సంఖ్య రకం) వాడండి, అదీ ఫ్లోట్ నుంచి కాకుండా నేరుగా స్ట్రింగ్ నుంచే.

అరుదుగా వచ్చేవి

12ఈ5 లాంటి బస్తా కోడ్‌లో 'ఈ'ని పది ఘాతంగా చదివి 12 లక్షలుగా మారిస్తే, ఆ గడిని అసలు ఫ్లోట్ చేయకూడదు. ౨౩౨౦ అని తెలుగు అంకెల్లో ఉంటే పైథాన్ చదువుతుంది, జావాస్క్రిప్ట్ చదవదు. యూరప్‌లోని చాలా దేశాల నుంచి వచ్చిన ఫైళ్లలో చుక్క బదులు కామా ఉంటుంది, మన దగ్గర అది నాకు ఎదురుపడలేదు.